ఆమ్రేడిత మాధుర్యం: బబుల్‌గమ్ పాప్, తెలుగు హుషారు పాట, గ్రామఫోన్ రికార్డు

వ్యాస సంగ్రహం

1960ల చివర అమెరికాలో వెలువడిన బబుల్‌గమ్ పాప్ గీతాలకూ, 1961–1973 మధ్య వచ్చిన కొన్ని తెలుగు హుషారు పాటలకూ ఉన్న పోలికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండింటిలోనూ పల్లవికి ప్రాణం పదపునరుక్తి. ఈ పునరుక్తిని అర్థశూన్యతగా భావించడం విమర్శలో పరిపాటి అయింది. వ్యాకరణ సంప్రదాయంలోని ఆమ్రేడిత చర్చ వెలుగులో చూస్తే అది నిర్దిష్టమైన అర్థాలను ఇచ్చే ప్రక్రియ అని తెలుస్తుంది. అచ్చు పుస్తకం ఈ పునరుక్తిని సంక్షేపిస్తుంది. గ్రామఫోన్ రికార్డు పూర్తిగా వినిపిస్తుంది. కాబట్టి ఇటువంటి పాటలకు రికార్డునే మూలపాఠంగా స్వీకరించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మారేడ్‌పల్లి పరిసరాల బహుభాషా శ్రవణ వాతావరణాన్ని ఈ చర్చకు నేపథ్యంగా తీసుకొన్నది.

కీలకపదాలు: ఆమ్రేడితం, ధ్వన్యనుకరణం, హుషారు పాట, బబుల్‌గమ్ పాప్, గ్రామఫోన్ రికార్డు, ఆరుద్ర, దాశరథి, మారేడ్‌పల్లి.

1. ప్రవేశిక

తెలుగులో ఒకే మాట పదేపదే చెప్పేవారిని ‘అరిగిపోయిన రికార్డు’ అంటారు. ముల్లు ఒక గాడిలో ఇరుక్కుపోయి అదే ముక్కను మళ్ళీ మళ్ళీ పలికించడాన్ని చూసినవారు కల్పించిన నిందావాచకం ఇది. గ్రామఫోన్ చాలా ఇళ్ళ నుంచి వెళ్ళిపోయినా నింద మాత్రం భాషలో మిగిలింది. పునరుక్తి అంటే చెప్పడానికేమీ లేకపోవడమనే అభిప్రాయం ఈ వాడుకలో దాగి ఉంది.

ఇదే అభిప్రాయం సినీగీత విమర్శలోనూ పనిచేస్తున్నది. పాటలో భావుకత, తాత్త్వికత, సామాజిక స్పృహ ఉంటే దానిని సాహిత్యంగా పరిగణిస్తారు. పల్లవిలో ఒక పదమే రెండు మూడుసార్లు గంతులు వేస్తే దానిని ‘సరదా పాట’ అని ఒక వాక్యంతో దాటవేస్తారు. అయితే శ్రోతల జ్ఞాపకంలో దశాబ్దాల తరబడి నిలిచిన వాటిలో ఈ సరదా పాటలు తక్కువేమీ కావు. విమర్శ వదిలేసినదాన్ని జ్ఞాపకం ఎందుకు పట్టుకొన్నదనే ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం. దీనికి తులనాత్మక సామగ్రిగా, తమ దేశంలో ఇదే చిన్నచూపుకు గురైన బబుల్‌గమ్ పాప్ గీతాలను స్వీకరించడమైనది.

2. బబుల్‌గమ్ పాప్: స్వరూపం

బబుల్‌గమ్ పాప్ ప్రధానంగా 1967–1972 మధ్య అమెరికాలో వర్ధిల్లిన శాఖ. జెర్రీ కాసెనెట్జ్, జెఫ్రీ కాట్జ్ అనే నిర్మాతల జంట, నీల్ బోగార్ట్ నడిపిన బుద్ధా రికార్డ్స్ సంస్థ దీనికి రూపం ఇచ్చాయి. ‘1910 ఫ్రూట్‌గమ్ కంపెనీ’ పేరుతో వచ్చిన ‘సైమన్ సేస్’, ‘ఓహియో ఎక్స్‌ప్రెస్’ పేరుతో వచ్చిన ‘యమ్మీ యమ్మీ యమ్మీ’ రెండూ 1968 నాటివి. పదేళ్ళ లోపు పిల్లల నుంచి కౌమార ప్రాయం వారి దాకా దీని ప్రధాన శ్రోతలు. మూడు నిమిషాలకు మించని నిడివి, చప్పట్లు కొట్టదగిన తాళం, ఒక్కసారి వినగానే నోటికి పట్టే పల్లవి దీని లక్షణాలు.

ఈ శాఖకు శిఖరం 1969లో వచ్చిన ‘షుగర్, షుగర్’. జెఫ్ బారీ, ఆండీ కిమ్ రచించిన ఈ పాటను పాడినట్లు చెప్పబడిన ‘ది ఆర్చీస్’ బృందం నిజానికి లేదు. ఆర్చీ కామిక్ పుస్తకాల పాత్రలతో 1968లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన కార్టూన్ ధారావాహికలోని బృందం అది. తెర వెనుక రాన్ డాంటే, టోనీ వైన్ వంటి గాయకులు పాడారు. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగిన 1969లోనే, బిల్‌బోర్డ్ వార్షిక పట్టికలో ఈ లేని బృందపు పాట ప్రథమ స్థానంలో నిలిచింది. ఆర్చీస్ పాటలను అట్ట మీద ముద్రించిన పలుచని రికార్డుల రూపంలో, అల్పాహార ధాన్యపు పెట్టెల వెనుక కూడా ఇచ్చేవారు. పిల్లలు వాటిని కత్తిరించుకొని రికార్డు ప్లేయరు మీద పెట్టుకొనేవారు.

రాక్ సంగీత విమర్శకులలో ఎక్కువమంది దీనిని కర్మాగారపు సరుకుగా కొట్టిపారేశారు. లెస్టర్ బ్యాంగ్స్ వంటి ఒకరిద్దరు మాత్రం ఇందులోని నిస్సంకోచమైన ఆనందాన్ని గుర్తించి రాశారు. పేరులోనే ఉన్న ఉపమానం ఆలోచించదగినది. బబుల్‌గమ్‌లో తీపి కాసేపటికే పోతుంది. నమలడం మాత్రం కొనసాగుతుంది. అంటే అక్కడ రుచి కంటే ఆవృత్తి దీర్ఘకాలికమైనది. పాట విషయంలోనూ ఇంతే. అర్థం మొదటి ఆలకింపులోనే అయిపోతుంది. ఆ తరువాత శ్రోతను పట్టి ఉంచేది పునరుక్తి.

మరొక అంశం గమనార్హం. ‘సైమన్ సేస్’ ఒక పిల్లల ఆట పేరు. అదే బృందం పాడిన ‘1, 2, 3, రెడ్ లైట్’ శీర్షిక కూడా ఆటలోనిదే. తెలుగు బాల్యంలో చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, కాళ్ళాగజ్జె ఆటలకు ఉన్న పాటలలోనూ అర్థం కంటే అడుగు ముఖ్యం. పదం అక్కడ శరీర చలనానికి తాళం వేస్తుంది. బబుల్‌గమ్ పాప్ ఆ ఆటపాటల గుణాన్ని విద్యుత్ వాద్యాల మధ్యకు తెచ్చింది.

3. మారేడ్‌పల్లి పరిసరాలు: శ్రవణ నేపథ్యం

ఈ రెండు రకాల పాటలను పక్కపక్కన పెట్టి ఆలోచించడానికి సికింద్రాబాదు సహజమైన స్థలం. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన ఈ నగరం బ్రిటిష్ సైనిక స్థావరంగా పెరిగింది. కంటోన్మెంటును ఆనుకొని తూర్పు, పడమర భాగాలుగా విస్తరించిన మారేడ్‌పల్లికి సమీపంలోనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ అల్లుకొన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నివాసాలు ఉన్నాయి. ఆంగ్ల చిత్రాలకు పేరుపడిన సంగీత్, ప్లాజా, టివోలి థియేటర్లు ఈ నగరంలోనివే. తెలుగు, తమిళం, ఉర్దూ, ఆంగ్లం ఒకే వీధిలో వినిపించే పరిసరాలు ఇవి.

ఆ కాలపు శ్రవణ సాధనాలను కూడా గుర్తుంచుకోవాలి. 1952 ప్రాంతంలో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉండగా ఆకాశవాణి సినీగీతాలను దూరం పెట్టింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. అక్కడి నుంచి వచ్చే హిందీ, తెలుగు చిత్రగీతాలతో పాటు ఆంగ్ల పాప్ గీతాలు కూడా ఇక్కడి ఇళ్ళకు చేరాయి. మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనలు ఒక తరానికి సుపరిచితం. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలయ్యాక సినిమా పాట ఆకాశవాణి గడప తొక్కింది. ఒకే రేడియో పెట్టెలో ముల్లు కొద్దిగా జరిపితే భాష మారే ఈ అనుభవంలో, ఆంగ్ల పాప్ పరాయిదిగానూ తెలుగు హుషారు పాట అనుకరణగానూ శ్రోతకు తోచవలసిన అవసరం లేదు. రెండూ ఒకే సాయంత్రపు పాటలు.

ఈ నేపథ్యం విమర్శకు ఒక ప్రయోజనాన్ని ఇస్తుంది. సాధారణంగా ఇటువంటి తెలుగు పాటలను ‘పాశ్చాత్య ప్రభావం’ అనే శీర్షిక కింద ఉంచుతారు. వాద్యసమ్మేళనం విషయంలో అది నిజం కావచ్చు. పల్లవి నిర్మాణంలో మాత్రం ప్రభావ సిద్ధాంతం నిలవదు. ‘ఇద్దరు మిత్రులు’ చిత్రం 1961 నాటిది. బబుల్‌గమ్ శాఖ ఆరేళ్ళ తరువాతగానీ పుట్టలేదు. పోలికకు మూలం అనుకరణ కాదు కాబట్టి, దానిని భాషా స్వభావంలోనే వెదకవలసి ఉంటుంది.

4. ఆమ్రేడితం: వ్యాకరణం చూపే దారి

‘యమ్మీ యమ్మీ యమ్మీ’, ‘షుగర్, షుగర్’, ‘చూయీ చూయీ’ అనే శీర్షికలను తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థి ఎవరైనా వెంటనే గుర్తుపడతారు. ఇవి ద్విరుక్తాలు. రెండుసార్లు పలికిన దానిలో రెండవ రూపాన్ని పాణిని ఆమ్రేడితం అన్నాడు. చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదంలో ఆ సంజ్ఞను తెలుగుకు అన్వయించింది. పాఠశాల నుంచి పరిశోధన దాకా ఆమ్రేడితం సంధికార్యంగానే పరిచితం: పట్టపగలు, కట్టకడ వంటి రూపాల దగ్గరే చర్చ ఆగిపోతుంది. అర్థ విషయంలో పాణిని చేసిన విభజన తక్కువగా గుర్తుకు వస్తుంది.

అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయపు మొదటి పాదం ద్విరుక్తి ఏయే అర్థాలలో వస్తుందో వివరిస్తుంది. క్రియ మళ్ళీ మళ్ళీ జరగడం ఒకటి; ఒక ధర్మం అన్నింటికీ వ్యాపించడం, అంటే వీప్స, మరొకటి. గుణవాచకం రెట్టిస్తే ‘ఆ గుణం పూర్తిగా కాక, దానిని పోలినట్లు’ అనే అర్థం రావడం ఇంకొకటి. వాక్యం మొదట వచ్చే సంబోధన పదం అసూయ, సమ్మతి, కోపం, కుత్సనం, భర్త్సనం అనే ఐదు అర్థాలలో రెట్టిస్తుంది. వీటిలో సమ్మతిని కాశికావృత్తి పూజగా వివరించింది. అవ్యక్త ధ్వనుల అనుకరణలో వచ్చే ద్విరుక్తికి మరొక చోట చోటు దొరికింది. ‘పటపటా’ అనేదే అక్కడి ప్రసిద్ధ ఉదాహరణ.

ఈ విభజనతో చూస్తే ‘షుగర్, షుగర్’ శీర్షిక సమ్మత్యర్థంలో రెట్టించిన సంబోధన. ప్రియురాలిని చక్కెరగా పిలవడంలో కొత్తదనం లేదు. రెండుసార్లు పిలవడంలోనే ఆ మన్నన, ఆ తొందర, ఆ మురిపెం ఉన్నాయి. ఒక్కసారి పిలిస్తే అది పేరు. రెండుసార్లు పిలిస్తే అది లాలన. న్యూయార్క్ పాటల కార్ఖానా ఏ వ్యాకరణమూ చదివి ఈ పని చేయలేదు. మనిషి నోరు మురిపెంలో ఎలా పలుకుతుందో అది గుర్తించింది. ఆ గుర్తింపునే వైయాకరణులు సూత్రబద్ధం చేశారు.

5. నాలుగు పల్లవులు

తెలుగు పాటలలో ఈ ప్రక్రియ ఎలా పనిచేసిందో చూడడానికి నాలుగు పల్లవుల తొలి పదాలను మాత్రమే తీసుకోవడం చాలు.

5.1. ‘హలో హలో’, ‘ఖుషీ ఖుషీ’ (1961). సాలూరు రాజేశ్వరరావు సంగీతం అందించిన ‘ఇద్దరు మిత్రులు’ చిత్రంలో ఈ రెండు యుగళగీతాలూ ఉన్నాయి. రెండింటినీ ఘంటసాల, పి. సుశీల పాడారు. మొదటిది ఆరుద్ర రచన, రెండవది దాశరథి రచన. ‘హలో’ తెలుగులోకి టెలిఫోనుతో పాటు వచ్చిన పిలుపు. ఒకసారి అంటే మర్యాద. రెండుసార్లు అంటే ఎదుటివారు పలకలేదన్న చిలిపి ఫిర్యాదు. పాణిని చెప్పిన ఐదు అర్థాలలో ఇది సమ్మతికీ కోపానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊగిసలాటే యుగళగీతానికి కావలసిన నాటకీయత.

‘ఖుషీ’ దక్కను వాడుకలో తెలుగువారి నోట నిత్యం ఉండే ఉర్దూ మాట. రెట్టించి ‘గా’ చేర్చినప్పుడు అది క్రియావిశేషణమై, నవ్వే విధానాన్ని చెబుతుంది. ఉర్దూ పదానికి తెలుగు ప్రత్యయం, తెలుగు ద్విరుక్తి కలిసిన ఈ నిర్మాణం దాశరథికి సహజమైనది. గాలిబ్ గీతాలను తెలుగు చేసిన కవి ఆయన. ఇక్కడొక పాఠ సమస్య కూడా ఉంది. అచ్చులో ‘ఖ’ అని కనిపించే అక్షరాన్ని తెలుగు వారు మూడు విధాల పలకగలరు: తెలుగు ‘క’గా, సంస్కృత మహాప్రాణంగా, ఉర్దూ కంఠ్య ఊష్మంగా. ఏ గాయకుడు ఏది పలికాడో పుస్తకం చెప్పలేదు. ఆ సమాచారం రికార్డు గాడిలోనే ఉంటుంది.

5.2. ‘చిటపట’ (1964). ‘ఆత్మబలం’ చిత్రానికి ఆచార్య ఆత్రేయ రాసిన వానపాట ఇది. కె.వి. మహదేవన్ స్వరపరచగా ఘంటసాల, సుశీల పాడారు. ‘చిటపట’ శుద్ధ ఆమ్రేడితం కాదు. రెండవ సగం మొదటి సగానికి కొద్దిగా మారిన ప్రతిధ్వని. ఇందులోని హల్లులన్నీ పరుషాలే. నాదం గల హల్లు గానీ అనునాసికం గానీ ఒక్కటీ లేదు. మొదటి ఇకారం తరువాత అంతా అకారమే. చిన్న చినుకు తగిలి వెడల్పుగా చిట్లినట్లు అచ్చు విచ్చుకొంటుంది. మనసు కవిగా ఆత్రేయను చదివే విమర్శకులు ఆయన విషాదగీతాలను ఉదాహరిస్తారు. నాలుగు అక్షరాలలో వానను కురిపించిన ఈ పదస్పృహ కూడా ఆ కవిదే.

5.3. ‘మసక మసక’ (1973). ‘దేవుడు చేసిన మనుషులు’ చిత్రంలో రమేశ్ నాయుడు సంగీతంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ఈ పాట ఆరుద్ర రచన. గుణవాచక ద్విరుక్తికి ఇంతకంటే చక్కని తెలుగు ఉదాహరణ అరుదు. ‘మసక చీకటి’ అంటే ఒక స్థితి. ‘మసక మసక చీకటి’ అంటే చీకటి అవునా కాదా అనిపించే సందిగ్ధం. గుణం పూర్తిగా లేక దాని పోలిక మాత్రమే ఉండడం. ‘పుల్లపుల్లగా’, ‘ఎర్రఎర్రగా’ అనే వాడుకలలో వినిపించే పోలికార్థమే ఇది. ఉచ్చారణ కూడా దీనికి తోడు వస్తుంది. మకారం పెదవుల మీద, సకారం దంతాల దగ్గర, కకారం కంఠంలో పుడతాయి. అంటే పదం బయటి నుంచి లోపలికి జారుతుంది. రెండుసార్లు అలా జారడంతో పల్లవి ఆరంభంలోనే రహస్యపు వాతావరణం ఏర్పడుతుంది.

బబుల్‌గమ్ గీతాలకూ ఈ పాటకూ ఉన్న భేదం ఇక్కడే చెప్పాలి. అమెరికన్ పాటలలో బాల్యపు పలుకుబడి కింద శృంగార సూచన దాక్కొని ఉంటుంది. పిల్లలు దానిని గమనించకుండానే పాడుకొంటారు. ‘మసక మసక’లో శృంగార సన్నివేశం బహిరంగం, దాని కింద దాక్కొని ఉన్నది ఆటపాట లయ. అందుకే ఆ పాట సన్నివేశాన్ని దాటి బయటికి వచ్చి జనం నోట నిలిచింది. తమిళంలో అమ్మవారి భక్తిగీతాలతో ఊరూరా వినిపించిన ఎల్.ఆర్. ఈశ్వరి కంఠాన్ని చలనచిత్రం ఎక్కువగా ఒకే మూసకు పరిమితం చేసింది. ఆమె రికార్డులన్నీ ఒకచోట వింటే ఆ మూస విమర్శకుల కల్పన కూడానని తేలుతుంది.

6. కవుల ఆట, విమర్శకుల మౌనం

అమెరికన్ శాఖకు తెలుగు పాటకు ఉన్న ముఖ్యమైన అంతరం రచయితలది. అక్కడ ఈ పాటలు రాసినవారు వృత్తి గీతరచయితలు. వారికి వేరే కావ్య జీవితం లేదు. ఇక్కడ రాసినవారు ఆధునిక తెలుగు కవిత్వ చరిత్రలో అధ్యాయాలు ఉన్నవారు. ‘హలో హలో’, ‘మసక మసక’ రాసిన ఆరుద్ర ‘త్వమేవాహం’ కర్త, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ చరిత్రకారుడు. ‘ఖుషీ ఖుషీ’ రాసిన దాశరథి ‘అగ్నిధార’ కురిపించి నిజాం చెరసాలలో గడిపిన కవి; ‘తిమిరంతో సమరం’ ఆయనకు 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది.

ఈ ద్వంద్వాన్ని విమర్శ జీవనోపాధి అనే మాటతో పరిష్కరించింది. కవిత్వం హృదయం కోసం, పాట పొట్ట కోసం అని విడదీసింది. ఈ విభజనకు ఆ కవుల రచనలే అడ్డు వస్తాయి. ఆరుద్ర ‘కూనలమ్మ పదాలు’ సినిమా కోసం రాసినవి కావు. వాటి నిర్మాణానికి ఆధారం ప్రతి పదం చివరా తిరిగి వచ్చే కూనలమ్మ సంబోధన. అది పల్లవి లక్షణమే. శ్రీశ్రీ ‘సిప్రాలి’లోని సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమఋక్కులు శబ్దక్రీడ కోసమే పుట్టినవి. ‘సిరిసిరి’ అనే పేరులోనే రెట్టింపు మోగుతున్నది. పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాలలో పింగళి నాగేంద్రరావు సృష్టించిన ‘డింగరి’, ‘గింబళి’ వంటి మాటలు నిఘంటువు లేకుండానే తెలుగువారికి అర్థమయ్యాయి. కాబట్టి శబ్దంతో ఆడుకోవడం ఈ తరం కవుల స్వభావంలో ఉన్నదే. సినిమా దానికి రంగస్థలం ఇచ్చింది.

విమర్శ మౌనానికి అలంకారశాస్త్రపు వారసత్వం ఒక కారణం కావచ్చు. మమ్మటుడు శబ్దచిత్రాన్ని వ్యంగ్య ప్రాధాన్యం లేని అవర కావ్యంగా లెక్కించాడు. అయితే అదే మమ్మటుడు మాధుర్య గుణాన్ని చిత్తద్రుతికి కారణంగా చెప్పి, దానికి అనువైన వర్ణాలను కూడా పేర్కొన్నాడు. అంటే వర్ణధ్వని రసానికి దోహదం చేస్తుందని శాస్త్రం ఒప్పుకొన్నది. హుషారు పాటను అంచనా వేసేటప్పుడు మొదటి తీర్పునే గుర్తుంచుకొని రెండవ పరిశీలనను మరచిపోవడం సమతూకం కాదు.

7. రికార్డు అనే పాఠం

సినీగీత పరిశోధకులు సాధారణంగా ఆధారపడేది పాటల పుస్తకాల మీద, గీత సంకలనాల మీద. వాటిలో పల్లవి తిరిగి వచ్చే చోట రెండు నిలువు గీతల మధ్య తొలి పదం మాత్రమే ముద్రిస్తారు. కాగితం ఆదా కావడానికి ఏర్పడిన ఈ పద్ధతి గంభీర గీతానికి నష్టం చేయదు. హుషారు పాటకు మాత్రం ఇది ప్రాణాంతకం. ఆ పాట ఏ గుణం వల్ల పాట అయిందో సరిగ్గా ఆ గుణాన్నే ఆ నిలువు గీతలు తొలగిస్తాయి. చదివినవారికి నాలుగు చరణాల మధ్య పలుచని పల్లవి కనిపిస్తుంది. విన్నవారికి పల్లవి సముద్రంలో చరణాలు దీవులుగా కనిపిస్తాయి.

రికార్డు భౌతిక స్వరూపం ఈ పాటల నిర్మాణానికి దగ్గరి చుట్టం. 78 ఆర్.పి.ఎమ్. లక్క పళ్ళెం ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటను మాత్రమే ఇముడ్చుకొనేది. అమెరికాలో 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ ప్రవేశపెట్టిన ఏడంగుళాల 45 ఆర్.పి.ఎమ్. వినైల్ రికార్డు కూడా మొదట ఒక వైపుకు ఒక పాట అనే లెక్కనే పాటించింది. మన దేశంలో అదే పరిమాణంలో వైపుకు రెండేసి చొప్పున నాలుగు సినిమా పాటలతో ఈ.పి. రికార్డులు విరివిగా వచ్చాయి. డమ్‌డమ్ కర్మాగారంలో తయారై హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్ ముద్రలతో అవి తెలుగు ఇళ్ళకు చేరాయి. ‘షుగర్, షుగర్’ నిడివి సుమారు రెండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. 45 వేగంతో లెక్కిస్తే అది పూర్తయ్యేసరికి పళ్ళెం దాదాపు 126 చుట్లు తిరుగుతుంది. పల్లవి తిరిగి వస్తున్నప్పుడు పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది. వినేవారికి ఆ రెండు ఆవృత్తులూ ఒకేసారి కంటికీ చెవికీ అందుతాయి.

పాత రికార్డు మీది మమకారాన్ని గతకాల వ్యామోహంగా తీసిపారేయడం తేలిక. ఆ మమకారంలో వ్యామోహం లేదనీ చెప్పలేం. కానీ రికార్డు వినడంలో ఒక శ్రద్ధ ఉంది. పళ్ళేన్ని అంచులు పట్టి తీయాలి, దుమ్ము తుడవాలి, ముల్లు మెల్లగా దించాలి, మూడు నిమిషాల తరువాత లేచి మళ్ళీ పెట్టాలి. తేలికపాటి పాటకు ఇంత శ్రమ పడిన శ్రోత దానిని తేలికగా విన్నాడనడం సరికాదు. పైగా రెండవసారి వినడమే ఇక్కడ శ్రోత చేసే ఆమ్రేడితం. పాటలోని పదం రెట్టిస్తే, శ్రోత పాటనే రెట్టిస్తాడు.

మరొక ప్రయోజనం పాఠపరిష్కరణకు సంబంధించినది. రికార్డు లేబుల్ మీదో అట్ట కవరు వెనుకో సాధారణంగా చిత్రం, గాయకులు, సంగీత దర్శకుడు, గీతరచయిత పేర్లు, రికార్డు సంఖ్య ఉంటాయి. బొమ్మల బృందం వెనుక అసలు గాయకులు మరుగున పడిన ఆర్చీస్ రికార్డులతో పోలిస్తే, మన రికార్డులు తెర వెనుక కంఠాల పేర్లను ముద్రించాయి. నేటి అంతర్జాల వేదికలలో నటీనటుల పేర్లు ప్రముఖంగా ఉండి, రచయిత పేరు లేకపోవడమో తారుమారు కావడమో తరచుగా కనిపిస్తున్నది. కర్తృత్వ నిర్ణయానికి లేబుల్ శాసనం వంటి ఆధారం.

రికార్డులను ఆధారంగా చేసుకొని విమర్శ రాయవచ్చునని తెలుగులో ఇప్పటికే నిరూపించినవారు వి.ఎ.కె. రంగారావు. వేల సంఖ్యలో గ్రామఫోన్ రికార్డులను సేకరించిన ఆయన ‘ఆలాపన’ రచనలలో పాటను విని, పోల్చి, కర్తృత్వాన్ని సరిచూసి మాట్లాడే పద్ధతిని చూపారు. ఆ పద్ధతి వ్యక్తి అభిరుచిగా మిగిలింది. విశ్వవిద్యాలయ పరిశోధనా విధానంగా మారలేదు.

8. రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి వచ్చే మొదటి ఆక్షేపణ వాణిజ్యపరమైనది. పునరుక్తి శ్రోతను లొంగదీసుకొనే వ్యాపార తంత్రమని అడోర్నో 1941 నాటి తన జనరంజక సంగీత వ్యాసంలో వాదించాడు. ఒకే మూసలో పోసిన పాట శ్రోత తరఫున తానే వినిపెడుతుందని ఆయన అభిప్రాయం. బబుల్‌గమ్ పాప్ విషయంలో ఈ విమర్శను చాలావరకు ఒప్పుకోవలసిందే. అయినా ఒకే తంత్రంతో తయారైన వందల పాటలలో కొన్ని మాత్రమే ఎందుకు మిగిలాయో ఆ సిద్ధాంతం చెప్పలేదు. ‘చిటపట’లో హల్లుల ఎంపిక, ‘మసక మసక’లో గుణవాచకపు ఎంపిక మూసకు అందేవి కావు. బాణీ రెండు సమాన ఖండాలను అడగవచ్చు; అక్కడ ఏ పదం రెట్టించాలో నిర్ణయించేది కవి.

రెండవ ఆక్షేపణ నైతికమైనది. ఇటువంటి పాటలు కొన్ని స్త్రీని వినోద వస్తువుగా చూపే సన్నివేశాల కోసం పుట్టాయి. ఇది నిజం. శబ్ద సౌందర్యాన్ని చూపడం ఆ సన్నివేశాలకు సమర్థన కాదు. అయితే రికార్డు దృశ్యం లేని పాఠం. అక్కడ కెమెరా చూపు లేదు. గాయని కంఠం మాత్రమే ఉంది. అదే పాటను తెర మీద చూసినవారికీ, రికార్డు మీద మాత్రమే విన్నవారికీ కలిగే అనుభవాలు వేరు. స్త్రీవాద విమర్శకు ఈ భేదం ఉపయోగకరమైన ప్రశ్నలను ఇవ్వగలదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. బబుల్‌గమ్ పాప్‌కు, తెలుగు హుషారు పాటకు ఉన్న పోలిక అనుకరణజన్యం కాదు. తెలుగు ఉదాహరణలలో కొన్ని కాలక్రమంలో ముందువి. రెండింటికీ సమాన మూలం ఆటపాటల పునరుక్తి.

2. ఈ పాటలలోని ద్విరుక్తి అర్థశూన్యం కాదు. సంబోధన, గుణసాదృశ్యం, ధ్వన్యనుకరణం అనే వేర్వేరు అర్థాలను అది నిర్వహిస్తుంది. ఆమ్రేడిత చర్చను సంధి ప్రకరణం నుంచి గీత విమర్శకు విస్తరించడానికి అవకాశం ఉంది.

3. ఆరుద్ర, దాశరథి, ఆత్రేయ వంటి కవుల హుషారు పాటలను వారి కావ్య జీవితం నుంచి వేరు చేయడం వారి శబ్దక్రీడా స్వభావాన్ని విస్మరించడమే.

4. అచ్చు పాఠం పునరుక్తిని సంక్షేపిస్తుంది కాబట్టి, ఇటువంటి పాటలకు రికార్డే ప్రామాణిక పాఠం. పరిశోధకులు ఉదాహరించేటప్పుడు రికార్డు సంఖ్యను, లేబుల్ వివరాలను నమోదు చేయడం అవసరం.

మారేడ్‌పల్లి వంటి పాత పేటలలో పెంకుటిళ్ళు, బంగళాలు కూలి వాటి స్థానంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలకు ఏదో ఒక గ్రంథాలయం దొరుకుతుంది. రికార్డుల పెట్టె పాత సామానుల బండి ఎక్కుతుంది. అదృష్టం బాగుంటే జుమ్మేరాత్ బజారులోనో ఆబిడ్స్ ఆదివారపు కాలిబాట మీదో తేలుతుంది, లేకపోతే తునకలవుతుంది. తెలుగు శాఖలు తాళపత్రాలను సేకరించిన కాలం ఒకటి ఉంది. అప్పుడు కూడా వాటిని అటక మీద చెత్తగా భావించినవారు ఉన్నారు. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక రికార్డు ప్లేయరుకూ ఒక బీరువాకూ చోటు దొరికితే, రాబోయే పరిశోధకులు ‘ఖుషీ’లోని ఖకారాన్ని ఊహించనవసరం లేకుండా వినగలుగుతారు.